రెండు పెట్టెల మధ్య జాగా: ధర్మవరం దారిలో గూడ్సు బండి కప్లింగుల చరిత్ర

రైలు బండిలో పెట్టెను పెట్టెతో కలిపే సాధనానికి రెండు పనులు. ఇంజను లాగినప్పుడు తెగకూడదు, నెట్టినప్పుడు దెబ్బ తానే తినాలి. ఈ రెండు పనులూ ఒకే సాధనం చేయాలా, వేరువేరుగా ఉండాలా అన్న ప్రశ్న రైలు పుట్టినప్పటి నుంచీ ఉంది. ఇంజనీరింగు పుస్తకాలు తక్కువగా పట్టించుకున్న ప్రశ్న మరొకటి ఉంది. పెట్టెలను కలిపే మనిషి ఎక్కడ నిలబడాలి? గుంతకల్లు నుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరు వెళ్లే దారి ఈ ప్రశ్నలకు మూడు రకాల జవాబులను చూసింది. మీటర్ గేజ్ కొక్కెం, బ్రాడ్ గేజ్ స్క్రూ కప్లింగు, సెంటర్ బఫర్ కప్లర్. ఈ మూడూ ఒకే ఊరి యార్డులో పక్కపక్కనే కనిపించిన కాలం కూడా ఉంది.

గొలుసు నుంచి మర దాకా

1830లో లివర్‌పూల్–మాంచెస్టర్ రైలు మొదలైన రోజుల్లో పెట్టెకూ పెట్టెకూ మధ్య ఉన్నది వట్టి ఇనుప గొలుసు. ఇంజను కదలగానే గొలుసు ఒక్కసారిగా బిగిసేది, ఆగగానే వెనక పెట్టె వచ్చి ముందు పెట్టెను గుద్దేది. ప్రయాణికులు కుదుపులకు తట్టుకోలేకపోయేవారు. ఆ కంపెనీ వ్యవహారాలు చూసిన హెన్రీ బూత్ గొలుసు మధ్యలో మర పెట్టాడు. కడ్డీకి ఒక వైపు కుడి మర, రెండో వైపు ఎడమ మర. నడుమనున్న పిడి తిప్పితే రెండు కొసలూ దగ్గరకు వచ్చి పెట్టెలు బిగుసుకుంటాయి. పెట్టె ఒక్కో చివర రెండు పక్కలా స్ప్రింగు బఫర్లు. లాగే పని మధ్యనున్న కొక్కేనిది, నెట్టుడు తట్టుకునే పని పక్క బఫర్లది. ఈ ఏర్పాటే స్క్రూ కప్లింగు. బ్రిటన్ నుంచి ఐరోపాకు, అక్కడి నుంచి భారతదేశపు బ్రాడ్ గేజ్‌కు అదే వచ్చింది.

సరకు బండ్లకు మాత్రం బ్రిటన్‌లో చాలాకాలం మూడు లంకెల గొలుసే సరిపెట్టారు. దానికి ఒక కారణం ఉంది. గొలుసు వదులుగా ఉంటే బలం తక్కువున్న ఇంజను కూడా పెద్ద బండిని కదిలించగలదు, ఎందుకంటే పెట్టెలన్నీ ఒకేసారి కదలనక్కర్లేదు. మొదటిది కదిలి, గొలుసు బిగిసి రెండోది, ఆ తర్వాత మూడోది. ఈ వదులునే రైల్వే ఇంజనీర్లు స్లాక్ అంటారు. బండి కదలడానికి మేలు చేసేదీ, పట్టు తెంచేదీ అదే.

స్క్రూ కప్లింగుకు పుట్టుకతో వచ్చిన పరిమితి ఒకటుంది. దాన్ని మనిషి చేత్తో ఎత్తి ఎదుటి కొక్కేనికి తగిలించాలి. కాబట్టి దాని బరువు మనిషి ఎత్తగలిగినంతే ఉండాలి. బరువు పెంచకుండా బలం కొంతవరకే పెరుగుతుంది. బండి ఎంత పొడవుండాలన్నది చివరికి ఒక కూలివాడి భుజబలం మీద ఆధారపడింది. ఆ మనిషి పని తీరు ఇలా ఉండేది. ఇంజను పెట్టెను నెమ్మదిగా నెట్టి బఫర్లు ఆనిస్తుంది. పాయింట్స్‌మన్ బఫరు కింది నుంచి వంగి లోపలికి దూరి, రెండు పెట్టెల మధ్య నిలబడి, లంకె ఎత్తి తగిలించి, మర తిప్పి, బ్రేకు గొట్టాలు కలిపి, మళ్లీ వంగి బయటికి వస్తాడు. రాత్రిపూట ఇదంతా చేతి లాంతరు వెలుగులో. అతను బయటికి రాకముందే బండి కదిలితే తప్పించుకునే చోటు లేదు. ఐరోపా రైల్వేల నిబంధనలు పెట్టె చివర ఇంత ఖాళీ వదలాలని కొలతలు పెట్టాయి. షంటింగ్ మనిషి నిలబడడానికి కేటాయించిన ఆ ఖాళీకి బెర్న్ జాగా అని పేరు. అక్కడ మనిషి నిలబడక తప్పదని ఒప్పుకున్నాకే ఆ కొలత పుట్టింది.

కరువు తెచ్చిన సన్న దారి

ధర్మవరం, పెనుకొండ, హిందూపురాలకు రైలు వచ్చింది బ్రాడ్ గేజ్‌గా కాదు. 1876–78 నాటి మహా కరువు రాయలసీమను, పక్కనున్న మైసూరు, బళ్లారి ప్రాంతాలను ఊడ్చేసింది. ఒక చోట ధాన్యం ఉన్నా ఇంకో చోటికి చేర్చే దారి లేక జనం చనిపోయారు. 1880 నాటి కరువు కమిషను తర్వాత కరువు సీమల్లో రైలు మార్గాలు వేయాలన్న పట్టుదల పెరిగింది. 1882లో ఏర్పడిన సదరన్ మరాఠా రైల్వే కంపెనీ ఆ ఊపులోనే వచ్చింది. ఖర్చు తక్కువ, పని త్వరగా అవుతుంది అన్న లెక్కతో మీటర్ గేజ్ ఎంచుకున్నారు. గుంతకల్లు నుంచి మైసూరు సరిహద్దు దాకా ఆ కంపెనీ వేసిన దారి 1892–93లో తెరుచుకుంది. హిందూపురం దాటితే మైసూరు సంస్థానం. సుమారు ఆ రోజుల్లోనే సౌత్ ఇండియన్ రైల్వే పాకాల వైపు నుంచి మదనపల్లె, కదిరి మీదుగా ఇంకో మీటర్ గేజ్ దారిని ధర్మవరానికి తెచ్చింది. దాంతో ధర్మవరం జంక్షన్ అయింది.

మీటర్ గేజ్ పెట్టెలకు పక్క బఫర్లు ఉండవు. పట్టాలు దగ్గరగా ఉండి, మలుపులు తీవ్రంగా ఉన్న దారిలో రెండు పక్కలా బఫర్లుంటే లోపలి వైపువి ఒకదానికొకటి ఇరుక్కుంటాయి, బయటి వైపువి జారిపోతాయి. అందుకని బఫరు ఒక్కటే, అదీ పెట్టె నడిమధ్యన. కొక్కెం కూడా ఆ బఫరులోంచే వస్తుంది. రెండు పెట్టెలు కలిసినప్పుడు ఒక దాని కొక్కెం ఎదుటి బఫరు మీదుగా జారి దాని గాడిలో పడుతుంది. ఊడకుండా పై నుంచి ఒక పట్టీ. 1860లలో నార్వేలో సన్న గేజ్ రైళ్లు వేసిన కార్ల్ అబ్రహాం పీల్ ఈ తరహాను ప్రచారంలోకి తెచ్చాడు. భారత మీటర్ గేజ్‌లో దీనికి దగ్గరి రకం ఏ.బి.సి. కప్లర్ పేరుతో స్థిరపడింది.

లాగుడు, నెట్టుడు రెండూ ఒకే మధ్యరేఖ మీదికి తెచ్చిన ఈ ఏర్పాటు ఆలోచనలో స్క్రూ కప్లింగు కంటే ముందుంది. ఖర్చు తగ్గించుకోవడానికి వేసిన సన్న గేజ్ దారి మీద, పెద్ద గేజ్ మీద లేని మేలైన సూత్రం పని చేసిందన్నది ఈ చరిత్రలో గుర్తుంచుకోవలసిన విషయం. అయితే దాని బలం చిన్నది. హిందూపురం బెల్లం, చింతపండు, మిరపకాయల బస్తాలకు అది చాలు. వేల టన్నుల బొగ్గుకు చాలదు. మనిషి కూడా పూర్తిగా బయటపడలేదు. కొక్కెం తనంతట పడినా, తీయాలంటే మాత్రం పెట్టెల మధ్యకు వెళ్లి ఎత్తాల్సిందే.

ఆ బస్తాలు బ్రాడ్ గేజ్ మీది మద్రాసుకో బొంబాయికో వెళ్లాలంటే గుంతకల్లులో ఆగాలి. రెండు గేజ్‌ల పెట్టెలు కలవవు కాబట్టి సరకంతా ఒక పెట్టెలోంచి దించి, ఇంకో పెట్టెలోకి ఎక్కించేవారు. ఏ కప్లింగూ కలపలేని ఆ సందును హమాలీలు వీపుల మీద దాటించారు. ఆ ట్రాన్స్‌షిప్‌మెంటు పని సుమారు తొంభై ఏళ్లు సాగింది.

1893: అమెరికాలో చట్టం

హిందూపురం దారి తెరుచుకుంటున్న రోజుల్లోనే అమెరికాలో కప్లింగు మీద పెద్ద పోరాటం ముగింపుకొచ్చింది. అక్కడి సరకు పెట్టెలకు ఉన్నది లింక్ అండ్ పిన్. ఒక పెట్టె చివర గూడులో ఇనుప లంకె ఉంటుంది. ఎదురు పెట్టె కదిలి వస్తుంటే బ్రేక్‌మన్ మధ్యలో నిలబడి ఆ లంకెను చేత్తో ఎత్తి ఎదుటి గూటిలోకి నడిపి, పై నుంచి మేకు వేయాలి. క్షణం ఆలస్యమైతే వేళ్లు పోతాయి, కాలు జారితే ప్రాణం పోతుంది. చేతికి వేళ్లు తక్కువున్నవాడు పాత పనివాడని పనిలో పెట్టుకునేవారు గుర్తుపట్టేవారట.

వర్జీనియాలోని అలెగ్జాండ్రియాలో బట్టల దుకాణంలో గుమాస్తాగా ఉన్న ఎలై జానీ అనే మాజీ సైనికుడు చాకుతో చెక్క చెక్కి కొత్త నమూనా చేశాడు. 1873 ఏప్రిల్ 29న దానికి పేటెంటు వచ్చింది. ఢిల్లీ–రేవాడీ మధ్య భారతదేశపు మొదటి మీటర్ గేజ్ బండి నడిచింది కూడా ఆ ఏడాదే. జానీ కప్లర్ సూత్రం చూడడానికి తేలిక. రెండు చేతుల వేళ్లు వంచి ఒకదానిలో ఒకటి తగిలించి లాగితే ఎలా పట్టుకుంటాయో, ఆ పట్టే ఇది. కప్లర్ తలకు ఇరుసు మీద తిరిగే దవడ ఉంటుంది, దాన్ని నకిల్ అంటారు. తెరిచి ఉన్న నకిల్‌ను ఎదుటి కప్లర్ గుద్దగానే అది లోపలికి మూసుకుంటుంది. ఆ వెంటనే పైనున్న ఇనుప దిమ్మ తన బరువుకు తానే కిందికి జారి తాళం పడుతుంది. విడదీయాలంటే పెట్టె పక్కన నిలబడి ఒక హ్యాండిల్ ఎత్తితే దిమ్మ పైకి లేస్తుంది. కలపడానికి గాని, తీయడానికి గాని పెట్టెల మధ్యకు ఎవరూ వెళ్లనక్కర్లేదు.

అప్పటికి అమెరికాలో కప్లర్ల మీద వేల పేటెంట్లున్నాయి. ఒకదానితో ఒకటి కలవని రకాలు పెరిగితే పరిస్థితి ముందుకంటే అధ్వానం అవుతుంది. 1887లో మాస్టర్ కార్ బిల్డర్ల సంఘం జానీ రకాన్ని ప్రమాణంగా తీసుకుంది. కప్లర్ ముఖపు రూపురేఖ మీద పేటెంటు హక్కును జానీ వదులుకోవడంతో ఏ కంపెనీ అయినా దాన్ని చేయడానికి వీలైంది. లోపలి తాళం ఎవరిదైనా కావచ్చు, ముఖం మాత్రం అందరిదీ ఒకటే. అయినా కంపెనీలు తమంతట తాము ఖర్చుకు సిద్ధపడలేదు. అయోవాకు చెందిన లోరెంజో కాఫిన్ పనివాళ్ల చావులను చూసి ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి ఈ విషయం మీదే మాట్లాడాడు. చివరికి 1893 మార్చి 2న అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ సేఫ్టీ అప్లయన్సెస్ చట్టం మీద సంతకం చేశాడు. తాకగానే తమంతట కలిసేవి, మనిషి మధ్యకు వెళ్లకుండా విడదీయగలిగేవి మాత్రమే వాడాలని ఆ చట్టం చెప్పింది. కంపెనీలకు ఇచ్చిన గడువు 1898. దాన్ని పొడిగించుకుంటూ 1900 దాకా లాగారు.

జపాన్ మార్పు ఇంకో తరహా. ఏళ్ల తరబడి సిద్ధం చేసుకుని, కొత్త కప్లర్లను పెట్టెల కిందే మోయించి, 1925 జులై 17న ప్రధాన ద్వీపంలోని సరకు బండ్లన్నీ ఆపి ఒక్క రోజులో మార్చేశారు. సోవియట్ యూనియన్ 1935లో మొదలుపెట్టి సుమారు ఇరవై ఏళ్లకు పైగా తీసుకుని ఎస్.ఏ.–3 రకానికి మారింది. ఐరోపా మాత్రం దేశదేశాల మధ్య ఒప్పందం కుదరక సరకు బండ్లకు స్క్రూ కప్లింగుతోనే ఇరవై ఒకటో శతాబ్దంలోకి వచ్చింది.

బొగ్గు బరువు చేసిన పని

భారతదేశంలో బ్రాడ్ గేజ్ సరకు పెట్టెలు స్వాతంత్ర్యం వచ్చేనాటికి నాలుగు చక్రాలవి, స్క్రూ కప్లింగువి, వాక్యూమ్ బ్రేకువి. రెండో పంచవర్ష ప్రణాళికలో (1956–61) భిలాయ్, దుర్గాపూర్, రూర్కెలా ఉక్కు కర్మాగారాలు లేచాయి. వాటికి బొగ్గూ ఖనిజమూ పాత బండ్లతో చేరవేయడం కుదరని పని. ఎనిమిది చక్రాల బాక్స్ వ్యాగన్లు, వాటితో పాటు సెంటర్ బఫర్ కప్లర్ వచ్చాయి. రైల్వే వాళ్లు దీన్ని పొట్టిగా సి.బి.సి. అంటారు. జానీ రకం నకిల్ కప్లరే ఇది, అమెరికా రైల్వేల సంఘం ప్రమాణాలకు తగ్గట్టు చేసింది. అమెరికాలో కప్లరును మార్చింది పనివాళ్ల ప్రాణాల కోసం వచ్చిన చట్టం. ఇక్కడ దాన్ని తెచ్చింది బరువు. ప్రాణాలకు వచ్చిన మేలు దాని వెంట వచ్చిన లాభం. ఈ తేడా చిన్నది కాదు. మార్పు ఎక్కడ ముందు వచ్చింది, ఎక్కడ దశాబ్దాల పాటు రాలేదు అన్నది దీన్ని బట్టే తెలుస్తుంది. బరువైన సరకు బండ్లకు ముందు, ప్రయాణికుల పెట్టెలకు చాలా వెనక.

మారే కాలంలో రెండు రకాలూ కలిసి నడవాలి. అందుకే వ్యాగన్ రకం తెలిపే అక్షరాల చివర కప్లింగును సూచించే అక్షరం చేర్చారు. ఆర్ అంటే స్క్రూ కప్లింగు మాత్రమే, సి అంటే సెంటర్ బఫర్ కప్లర్, టి అంటే రెండింటితోనూ కలవగలిగే ట్రాన్సిషన్ ఏర్పాటు. బండి కూర్చేటప్పుడు యార్డు సిబ్బంది ముందు చూడవలసింది ఆ అక్షరమే. 1980లలో ఎయిర్ బ్రేకుతో బాక్స్ ఎన్ వ్యాగన్లు వచ్చాక రేక్ మొత్తం, అంటే ఒకే బండిగా కూర్చిన వ్యాగన్లన్నీ, ఒకే కప్లర్‌తో నడవడం మామూలైంది.

గుంతకల్లు–బెంగళూరు దారిని బ్రాడ్ గేజ్‌గా మార్చింది కూడా 1980ల తొలి ఏళ్లలోనే. పాకాల దారి మాత్రం 2000ల చివరి దాకా మీటర్ గేజ్‌గానే ఉండిపోయింది. ఆ పాతికేళ్లూ ధర్మవరం రెండు గేజ్‌ల స్టేషను. ఒక వైపు కదిరి బండికి మధ్య బఫరు, కొక్కెం. ఇంకో వైపు బెంగళూరు ఎక్స్‌ప్రెస్ పెట్టెలకు స్క్రూ కప్లింగు. ఆ పక్క లైనులో ఆగిన గూడ్సుకు సెంటర్ బఫర్ కప్లర్. ఒకే స్టేషను సిబ్బందికి మూడు పద్ధతులూ తెలిసి ఉండాల్సి వచ్చింది. బ్రాడ్ గేజ్ ఇంజనుకైతే రెండూ అమర్చాల్సి వచ్చింది. పక్కల బఫర్లు, మధ్యన సి.బి.సి., గూడ్సు కాకుండా పాత పెట్టెలు తగిలించాల్సినప్పుడు దానికి బిగించే స్క్రూ లంకె.

పీఠభూమి ఎక్కేటప్పుడు

ధర్మవరం సముద్ర మట్టానికి సుమారు 350 మీటర్ల ఎత్తున ఉంది. హిందూపురం 620 దరిదాపు. బెంగళూరు 900 దాటుతుంది. అంటే బరువుతో బెంగళూరు వైపు వెళ్లే గూడ్సు కొండల మధ్య నుంచి పీఠభూమి మీదికి ఎక్కుతూనే ఉంటుంది. కప్లరు మీద పడే భారం ఇలాంటి దారిలోనే తెలుస్తుంది.

నిండుగా నింపిన బాక్స్ ఎన్ వ్యాగన్ బరువు మొదటి ప్రమాణం ప్రకారం 81 టన్నుల పైచిలుకు. అలాంటివి 58 తగిలిస్తే 4,700 టన్నులు. నూరు మీటర్లకు ఒక మీటరు లేచే ఎత్తు మీద, పట్టాల రాపిడి లెక్కలోకి తీసుకోకుండానే, ఇంత బండిని వెనక్కు జారకుండా పట్టుకోవడానికి 47 టన్నుల లాగుడు కావాలి. ఆ మొత్తం ఇంజనుకూ మొదటి వ్యాగనుకూ మధ్యనున్న కప్లరు మీద పడుతుంది. రెండో దాని మీద కొంచెం తక్కువ. చివరిదానికి బ్రేక్ వ్యాను బరువు తప్ప ఏమీ లేదు. అందుకే ఎత్తు దారుల్లో వెనక ఇంకో ఇంజను పెట్టి నెట్టిస్తారు. అప్పుడు వెనక సగం కప్లర్లు లాగుడు బదులు నెట్టుడు మోస్తాయి, ముందు వాటి భారం తగ్గుతుంది. స్క్రూ కప్లింగు పక్క బఫర్లకు వదిలేసిన పనిని మధ్య కప్లరే చేయగలగడం ఇక్కడ అక్కరకొస్తుంది.

కప్లరు వెనక, వ్యాగన్ అడుగున డ్రాఫ్ట్ గేర్ ఉంటుంది. స్ప్రింగులు, రాపిడి పలకలు ఉన్న ఇనుప పెట్టె అది. కుదుపు శక్తిని అది మింగుతుంది, మిగిలింది వ్యాగన్ నడుమ పొడవునా ఉన్న దూలానికి వెళుతుంది. నకిల్‌కు కేటాయించిన పని ఇంకొకటి ఉంది. భరించరాని కుదుపు వస్తే ముందు విరగవలసింది అదే. తల విరిగినా, దూలం చీలినా వ్యాగన్ వర్క్‌షాపుకు పోవాలి. నకిల్ విరిగితే ముప్పై కిలోలు దాటిన కొత్త దవడను దారిలోనే అమర్చి బండి కదిలించవచ్చు. బండి రెండుగా తెగినప్పుడు బ్రేకు గొట్టం కూడా ఊడి గాలి పోతుంది, రెండు ముక్కలూ తమంతట ఆగుతాయి. ఎత్తు మీద తెగిన బండి వెనక్కు దొర్లిపోకుండా కాపాడేది అదే.

ఈ దారిలోని పెనుకొండలో 2012 మే 22 తెల్లవారుజామున హంపీ ఎక్స్‌ప్రెస్ స్టేషనులో ఆగి ఉన్న గూడ్సును వెనక నుంచి ఢీకొంది. ఇంజను వెనకనున్న పెట్టె నుజ్జై నిప్పంటుకుంది, సుమారు పాతిక మంది చనిపోయారు. ఆ ప్రమాదానికి కారణం కప్లింగు కాదు. అయితే ఢీకొన్నప్పుడు పెట్టె మీదికి పెట్టె ఎక్కకుండా, ఒకదానిలోకి ఒకటి దూరకుండా ఆపడం కప్లరు చేయగలిగిన పనుల్లో ఒకటి. స్క్రూ కప్లింగు ఆ పని చేయలేదు. అదే ఏడాది ఫిబ్రవరిలో, రైల్వే భద్రతను సమీక్షించిన కాకోద్కర్ కమిటీ పాత పెట్టెల తయారీ ఆపి ఎల్.హెచ్.బి. పెట్టెలకు మారాలని సిఫార్సు చేసింది. వాటికి ఉన్నది బిగుతైన నకిల్ కప్లర్, ఢీకొన్నా ఒకదాని తల ఇంకోదాని మీదికి జారనిది. పాత తరహా పెట్టెల తయారీ 2018లో ఆగింది.

మళ్లీ పెనుకొండలో

పెనుకొండ మండలం ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. అక్కడి కార్లు పెనుకొండ నుంచి రైలెక్కుతున్నాయి. కార్ల రవాణాకు రైల్వే వాడే ఎన్.ఎం.జి. వ్యాగన్లు నిజానికి వయసైపోయిన ప్రయాణికుల పెట్టెలే. కిటికీలు మూసి, సీట్లు తీసి, చివర్లకు తలుపులు పెడతారు. కారు ఒక చివర ఎక్కి పెట్టెలోంచి పెట్టెలోకి వెళ్లిపోతుంది. అసలు పెట్టెలు పాతవి కాబట్టి వాటిలో చాలావాటికి ఇప్పటికీ స్క్రూ కప్లింగు, పక్క బఫర్లే. కొత్త కర్మాగారం సరకు దాదాపు రెండు వందల ఏళ్ల కిందటి బూత్ ఆలోచన మీద నడుస్తోంది.

కంటైనర్ బండ్లు ఇంకో అడుగు వేశాయి. బి.ఎల్.సి. రకం ఫ్లాట్ వ్యాగన్లు ఐదేసి ఒక జట్టు. జట్టు రెండు చివర్లకే సి.బి.సి. లోపల ఉన్నది స్లాక్ లేని డ్రా బార్, వర్క్‌షాపులో తప్ప విడదీయనిది. రేక్ ఎప్పుడూ కలిసే తిరిగే చోట లోపల కప్లర్లెందుకన్నది దాని వెనకనున్న లెక్క. తాళం లేని చోట తెగేదీ తక్కువ, కుదుపూ తక్కువ.

సి.బి.సి. వచ్చాక కూడా మనిషి పని పూర్తిగా పోలేదు. నకిల్ తనంతట మూసుకుంటుంది గాని బ్రేకు గాలి గొట్టాలు కలవవు. పెట్టెలు పూర్తిగా ఆగాక మనిషి మధ్యకు వెళ్లి రెండు గొట్టాల కొసలు చేత్తో కలిపి, కాక్ తిప్పి, గాలి సాగుతోందో లేదో చూడాలి. ఇంజనుకూ పెట్టెకూ మధ్య ఇప్పటికీ చేతి పని ఉంది. 2024 నవంబరులో బిహార్‌లోని బరౌనీ జంక్షన్‌లో ఇంజనును పెట్టె నుంచి విడదీస్తున్న రైల్వే ఉద్యోగి ఒకరు వాటి మధ్య నలిగి చనిపోయారు. ఐరోపాలో ఇప్పుడు పరీక్షల్లో ఉన్న డిజిటల్ ఆటోమేటిక్ కప్లర్ పెట్టెలతో పాటు గాలి గొట్టాన్నీ, కరెంటు తీగలనూ, సమాచారపు తీగలనూ ఒకే తాకిడితో కలపడానికి ఉద్దేశించింది. భారతదేశపు గూడ్సు వ్యాగన్ల మీద ఆ గొట్టాలను ఇప్పటికీ పాయింట్స్‌మన్లే కలుపుతున్నారు.